ఊపిరి మీద ధ్యాస పెట్టమంటున్నారు, నాకేమో ఊపిరి వింటేనే భయం

రాత్రికాపలా
అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమో ఇక పనిచేయదని చెప్పి ఏడు నెలలైంది. అప్పటినుంచి ఇంట్లోనే ఉంచి పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం చేయడానికి కాక బాధ తగ్గించడానికి చేసే సేవ, చేస్తున్నాం. చేస్తున్నాం అని రాశాను గానీ రాత్రిళ్లు నేనొక్కదాన్నే. వారానికోసారి ఇంటికొచ్చే నర్సు పోయినసారి అమ్మ బీపీ చూశాక నాది కూడా చూసింది. "రోజూ ఒక్క ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని నీ ఊపిరి మీద ధ్యాస పెట్టమ్మా, టెన్షన్ తగ్గుతుంది" అంది. మంచి మనిషి, నా మీద ప్రేమతోనే చెప్పింది.

మూడు రోజులు ప్రయత్నించాను. కళ్లు మూసుకోగానే నాకు నా ఊపిరి వినపడదు, అమ్మదే వినపడుతుంది. పక్క మంచం మీద గురగుర, తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీలో నేనూ ఊపిరి బిగబడుతున్నానని మూడో రోజు తెలిసింది. అమ్మ మళ్లీ పీల్చేదాకా నేను పీల్చడం లేదు. గుండె దడ, అరచేతుల్లో చెమట. లేచి లైటేసి అమ్మ ఛాతీ చూస్తూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఏడు నెలలుగా నేను చేస్తున్న పనే ఊపిరి మీద ధ్యాస పెట్టడం. ఇంకా పెట్టమంటే ఎలా? నాకు కావలసింది నాలుగు గంటల నిద్ర. ఇది మనలాంటివాళ్లకు నిజంగా పనికొస్తుందా? నేనే తప్పుగా చేస్తున్నానా? చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

నిదానం
మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది, వదిలెయ్యకండి. నేను రోజూ ఇరవై నిమిషాలు చేస్తాను. రెండు మూడు వారాలకు మనసు కుదురుతుంది.

చిన్నకోడలు
నిదానం గారూ, ఆవిడ నాలుగు గంటల నిద్ర లేదంటోంది. ఇరవై నిమిషాలు దొరికితే ఆవిడ పడుకోవాలి.

మా అత్తగారిని తొమ్మిది నెలలు చూసుకున్నాను. లివర్ జబ్బు. నాకు ఊపిరి పీల్చుకో అని చెప్పనివాళ్లు లేరు. ఆడపడుచు ఫోన్లో చెప్పేది, మావారు పక్క గదిలోంచి చెప్పేవారు. ఒక్కరంటే ఒక్కరు "ఈ రాత్రి నేను కూర్చుంటాను, నువ్వు పడుకో" అనలేదు. అందుకే ఈ సలహా వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సలహా చెడ్డదని కాదు. మనిషి సాయం రావలసిన చోట ఆ సలహా వచ్చి కూర్చుంటుంది.

రాత్రికాపలా
చిన్నకోడలు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదువుకున్నాను.

పాతనర్సు
పాలియేటివ్ వార్డులో, ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి చూసే బృందంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

రాత్రికాపలా, మీరు తప్పుగా ఏమీ చేయలేదు. ఆయాసపడే మనిషి పక్కన నెలల తరబడి ఉన్నవాళ్లకు ఊపిరి అంటేనే ప్రమాద సంకేతంగా మారిపోతుంది. పసిబిడ్డ తల్లి ఎంత నిద్రలో ఉన్నా బిడ్డ కదిలితే లేచినట్టు, మీ చెవి అమ్మ ఊపిరికి కట్టేసి ఉంది. అలాంటి చెవి పెట్టుకుని కళ్లు మూసుకుని ఊపిరి చూడమంటే భయం పెరగడం సహజం. మీ నర్సు గారికి ఈ సంగతి చెప్పండి, ఆవిడ అర్థం చేసుకుంటుంది.

ధ్యాస నిలపడానికి ఏదో ఒక ఊతం కావాలి, అంతే. అది ముక్కు దగ్గరి గాలే కానక్కర్లేదు. అరికాళ్లు నేలకు ఆనిన చోటు పట్టుకోండి. లేదా రెండు అరచేతులు తొడల మీద పెట్టి ఆ బరువు, ఆ వెచ్చదనం చూడండి. కళ్లు తెరిచే ఉంచండి. గోడ మీద ఒక చోట చూపు నిలపండి. అమ్మ మంచం పక్కన కాకుండా గుమ్మం బయట నిలబడి చేయండి. ఊపిరి దాని దారిన అది నడుస్తుంది. అలా కొన్నాళ్లు గడిచాక, ధైర్యం చిక్కితే, వదిలే ఊపిరిని మాత్రమే గమనించండి. పీల్చేదాని జోలికి పోవద్దు.

చిన్నకోడలు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నా ఉద్యోగంలో నేనూ ఆ తప్పు చేశాను. మనిషిని పంపించే వీలు లేక, చేతిలో ఉన్న సలహా ఇచ్చి వచ్చేసిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లు ఇప్పటికీ గుర్తొస్తాయి.

లెక్కతప్పదు
నాన్నగారికి గుండె ఫెయిల్యూర్ చివరి దశ. నాకు ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలిస్తేగానీ చేయబుద్ధి కాదు. అందుకని చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని మెల్లగా ఊపిరి తీసి వదిలితే చాలామందికి వేలికే తెలుస్తుంది. వదిలేటప్పుడు గుండెను నెమ్మది చేసేది మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం. అందుకే వదలడం పొడుగ్గా ఉంటే ఒళ్లు చల్లబడుతుంది. మామూలుగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. అది ఆరేడుకు తగ్గినప్పుడు ఈ ప్రభావం బాగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. గట్టిగట్టిగా, గబగబా లోతుగా పీల్చకండి. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు జుమ్మంటాయి. అది చూసి ఇంకా భయమేస్తుంది.

రాత్రికాపలా
అయ్యో, నేను చేసింది అదే! లోతుగా పీల్చాలేమో అనుకుని ఛాతీ నిండా లాగాను. మూతి చుట్టూ తిమ్మిరెక్కింది. నాకేదో అయిపోతోందని, నాకేమైనా అయితే అమ్మకు ఎవరు దిక్కని ఇంకా హడలిపోయాను.

కిటికీపక్కన
మావారికి మోటార్ న్యూరాన్ జబ్బు, కండరాలను నడిపే నరాలు చచ్చుబడిపోతాయి. రాత్రంతా, ఇప్పుడు పగలు కూడా చాలా గంటలు ఊపిరి అందించే బైపాప్ మెషిన్ మీదే ఉంటారు. రాత్రికాపలా రాసింది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ఎందుకంటే నాదీ అదే కథ. నా ఊపిరి ఆ మెషిన్ తాళానికి కట్టుబడిపోయింది. అది హుస్సుమంటే నేను పీలుస్తాను. గొట్టం కాస్త జరిగి శబ్దం మారితే నాకు గొంతు పట్టేస్తుంది. ఒకసారి మా అక్క ఇంటికెళ్లి రెండు గంటలున్నాను. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే ఊపిరి ఎలా తీసుకోవాలో తెలియనట్టు అయింది నాకు.

నాకు పనికొచ్చింది తలుపు. ఆయన గది తలుపు పిడి మీద చెయ్యి వేసినప్పుడల్లా, లోపలికి వెళ్లేముందు, ఒక్కసారి ఊపిరి వదులుతాను. ఒకే ఒక్కసారి. పిడి చల్లగా ఉంటుంది, ఆ చల్లదనం చూస్తాను. తర్వాత తలుపు తీస్తాను. రోజుకు ముప్పై నలభై సార్లు ఆ తలుపు తీస్తాను కాబట్టి ముప్పై నలభై సార్లు అవుతుంది. విడిగా కూర్చుని ధ్యానం చేసే టైము నాకు లేదు, రాదు కూడా.

పాతనర్సు
కిటికీపక్కన, మీ తలుపు సంగతి నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో తెలిసుంటే ఎంతమందికో చెప్పేదాన్ని.

నిదానం
చిన్నకోడలు గారన్నది నిజమే, నేను తొందరపడ్డాను. మా నాన్నను చూసుకునేటప్పుడు ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. నాకు ఇరవై నిమిషాలు దొరికాయంటే మిగతా ముగ్గురి పుణ్యం. అది మర్చిపోయి రాశాను.

కానీ ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఒకసారి వదలడం అప్పటికప్పుడు దడ తగ్గిస్తుంది. రోజూ కాసేపు కూర్చుంటే ఇంకోటి జరుగుతుంది. మనసు పరిగెత్తిందని తొందరగా తెలుస్తుంది. రాత్రి రెండింటికి "రేపు ఏమవుతుందో" అని మొదలయ్యే ఆలోచన పదో మెట్టుకు వెళ్లకముందే మూడో మెట్టు దగ్గర దొరుకుతుంది. అది నాకు ఇరవై నిమిషాల వల్లే వచ్చింది. వీలున్నవాళ్లు చేసి చూడండి అనే అంటున్నాను.

లెక్కతప్పదు
ఎంతసేపు అన్నదాని గురించి. మలేషియాలో మలయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పాలియేటివ్ కేర్‌లో ఉన్న క్యాన్సర్ రోగులతో ఐదు నిమిషాలే చేయించి చూశారు. వచ్చే ఊపిరి, పోయే ఊపిరి గుర్తించడం. దాన్ని మొదటినుంచి చివరిదాకా వెంబడించడం. ధ్యాసను ఒంట్లోకి తేవడం. ఒళ్లు వదులు చేయడం. అంతే. ఇంకో గుంపుకు ఈ అభ్యాసం లేదు, ఎదుటి మనిషి వాళ్ల మాటలు ఐదు నిమిషాలు విన్నారు. రెండు గుంపుల్లోనూ బాధ తగ్గింది, ఊపిరి గుంపులో ఎక్కువ తగ్గింది. అది రోగుల మీద చేసింది, మనలాంటి చూసుకునేవాళ్ల మీద కాదు. అయినా ఐదు నిమిషాలకు విలువ ఉందని తెలిసింది నాకు.

చిన్నకోడలు
ఎవరైనా కూర్చుని విన్నా తగ్గిందన్నమాట! మా ఆడపడుచుకు చదివి వినిపించాలి ఇది.

లెక్కతప్పదు
నిజమే, ఆ సగం నేను పట్టించుకోలేదు.

ఇంకోటి. మనల్ని మనం చూసుకోవడం సోకు అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. 1995లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు మతిమరుపు జబ్బున్న బంధువులను చూసుకునే 13 మంది ఆడవాళ్ల చేతి మీద చిన్న గాయం చేసి, ఆ బాధ్యత లేని అదే వయసు 13 మందితో పోల్చారు. చూసుకునేవాళ్ల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. 1999లో వచ్చిన మరో అధ్యయనంలో, జీవిత భాగస్వామిని చూసుకుంటూ బాగా నలిగిపోయిన పెద్దవయసు వాళ్లలో నాలుగేళ్లలో చనిపోయే అవకాశం 63 శాతం ఎక్కువని...

చిన్నకోడలు
తమ్ముడూ, ఆపు. రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని ఇది చదివే మనిషికి ఈ లెక్క చెప్పి ఏం చేయమంటావు? ఇప్పటికే "నాకేమైనా అయితే అమ్మకు ఎవరు" అని రాసింది పైన. నువ్వు దానికి శాతం కూడా కట్టి ఇచ్చావు.

లెక్కతప్పదు
తప్పే అక్కా. నాకు లెక్కలు చూస్తే ధైర్యమొస్తుంది, అందరికీ అలా ఉండదు. ఒక్కటి మాత్రం చెప్పి ఆపుతాను. ఆ పెరిగిన ముప్పు భారంతో నలిగిపోతున్నామని చెప్పినవాళ్లలోనే కనపడింది. చూసుకుంటూ కూడా నలిగిపోనివాళ్లలో అలా కనపడలేదు. నేను రాయాలనుకున్నది ఆ ముక్కే, ముందు భయపెట్టే అంకె రాసేశాను.

రాత్రికాపలా
పర్లేదు, కోప్పడకండి ఎవరూ. ఆ తొమ్మిది రోజుల గాయం సంగతి తమ్ముడికి పంపించాను. వాడు వేరే ఊళ్లో ఉంటాడు, అక్కకు కొంచెం అలసటే కదా అనుకుంటాడు.

ఒక్కడేకొడుకు
ఇన్ని రోజులు చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు ఇక్కడ.

నాకు ఊపిరి వింటే భయం లేదు. నా ఇబ్బంది వేరే. నెమ్మదిగా కూర్చుంటే ఏడుపొస్తుంది. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉంటాను. మందులు, డైపర్, పక్కకు తిప్పడం, డాక్టరుకు ఫోను. కూర్చుని కళ్లు మూసుకుంటే రెండో నిమిషంలో గొంతు పూడుకుపోతుంది. నాన్న ఇంకా బతికే ఉన్నారు. బతికున్న మనిషి కోసం ఏడవడమేంటని సిగ్గేసి లేచిపోతాను.

పోయిన వారం ఇంకో తప్పు చేశాను. నాన్న ఒకే ప్రశ్న పదకొండోసారి అడిగితే అరిచేశాను. ఆయన ముఖం చూశాక బాత్రూంలోకి వెళ్లి గోడకు తల ఆనించి నిలబడ్డాను.

పాతనర్సు
నాయనా, బతికున్న మనిషి కోసం వచ్చే ఆ దుఃఖానికి పేరుంది, ముందస్తు దుఃఖం అంటారు. 1944లోనే ఎరిక్ లిండెమన్ అనే వైద్యుడు దాని గురించి రాశారు. మీరు రోజూ కొంత కోల్పోతున్నారు. మీతో మాట్లాడిన నాన్న, నడిచిన నాన్న, మీ పేరు చప్పున పలికిన నాన్న, వీళ్లంతా ఒక్కొక్కరుగా వెళ్తున్నారు. పనిలో పడి ఆ ఏడుపు ఆగింది, కూర్చోగానే బయటికొచ్చింది. రానివ్వండి. రెండు నిమిషాలు ఏడ్చి లేస్తే అదే ఆ రోజుకు మీ అభ్యాసం అనుకోండి.

ఒక తేడా మాత్రం చూసుకోండి. ఏడ్చాక కొంచెం తేలికగా ఉంటే మంచిదే. అలా కాకుండా కూర్చున్న ప్రతిసారీ ఊపిరాడనట్టు అయినా, పాత భయంకరమైన దృశ్యాలు కళ్ల ముందుకొచ్చి మిమ్మల్ని లాగేసినా, బతకాలని లేదనే ఆలోచన వచ్చినా, ఊపిరి అభ్యాసం ఆపేసి డాక్టరుతో మాట్లాడండి. అది ఒంటరిగా కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

కిటికీపక్కన
అరవని వాళ్లెవరున్నారు ఇక్కడ? నేను ఒకసారి మెషిన్ మీద అరిచాను, ఆయన తన మీదే అనుకున్నారు.

ఒక్కడేకొడుకు, పదకొండో ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక్క ఊపిరి పూర్తిగా వదలండి. తర్వాత నోరు తెరవండి. నాలుగైదు సెకన్లే పడుతుంది. నాకు పదింట్లో ఆరుసార్లు పనిచేస్తుంది. మిగతా నాలుగుసార్లు తర్వాత వెళ్లి చెయ్యి పట్టుకుని సారీ చెప్తాను.

చిన్నకోడలు
ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తాను. చివరి నెలలో "ఇది తొందరగా అయిపోతే బాగుండు" అని నాకు చాలాసార్లు అనిపించింది. అనిపించిన వెంటనే నన్ను నేను కొట్టుకోవాలనిపించేది. ఇప్పుడు రెండేళ్లయింది ఆవిడ పోయి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఒక్కడేకొడుకు
అక్కా, నిన్న రాత్రే నాకు అలా అనిపించింది. రాయడానికి ధైర్యం లేకపోయింది.

పాతనర్సు
నేను చూసిన ఇళ్లలో చాలామంది ఇదే మాట నాతో గుమ్మం దగ్గర, చెప్పులేసుకునేటప్పుడు గుసగుసగా చెప్పారు. మీ మనిషి బాధ ఆగాలని కోరుకుంటున్నారు మీరు. ఆ ఆలోచన వచ్చినప్పుడు దానితో వాదించకండి, తరిమేయకండి. "ఇదిగో, ఆ ఆలోచన వచ్చింది" అని గుర్తించి అరికాళ్ల దగ్గరికి రండి. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో నేర్పేది ముఖ్యంగా ఇదే. వచ్చిందాన్ని మంచి చెడు తీర్పు చెప్పకుండా చూడటం. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందునుంచీ ఆనాపానసతి అనే పేరుతో, ఊపిరి మీద ధ్యాస పెట్టే బౌద్ధ ధ్యానంగా ఉన్నదే ఇది. నాకు మాత్రం ఇది పుస్తకంలో కన్నా ఆ గుమ్మాల దగ్గరే బాగా అర్థమైంది.

గాలిపటం
కొంచెం నవ్వుకునేది రాయొచ్చా? మా తాతయ్యకు రోజూ బీపీ చూస్తాను. పట్టీ బిగిసి మెల్లగా గాలి వదిలే శబ్దం ఉంటుంది కదా, దానితోపాటు నేనూ మెల్లగా ఊపిరి వదలడం అలవాటు చేసుకున్నాను. తాతయ్య కనిపెట్టేశారు. ఇప్పుడు నేను చిరాకుగా కనపడితే చాలు, చెయ్యి చాపి "ఏమ్మా, నా బీపీ ఒకసారి చూడు, నీకు తగ్గుతుంది" అంటున్నారు. నిన్న నాలుగుసార్లు చూశాను.

చిన్నకోడలు
తాతయ్యను మా ఇంటికి కూడా పంపమ్మా!

లెక్కతప్పదు
గాలిపటం, చాలా బాగుంది. నిట్టూర్పు కూడా అలాంటిదే. మనకు తెలియకుండానే సుమారు ఐదు నిమిషాలకోసారి పెద్ద ఊపిరి ఒకటి తీసుకుంటాం. ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన చిన్న గాలి సంచులు దానితో మళ్లీ తెరుచుకుంటాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాన్నే అభ్యాసంగా చేయించారు. ముక్కుతో పీల్చి, దాని మీద ఇంకొంచెం పీల్చి, నోటితో పొడుగ్గా వదలడం, రోజుకు ఐదు నిమిషాలు, నెల రోజులు. పోల్చడానికి ఇంకో గుంపుతో ధ్యానం చేయించారు. ఆందోళన అందరికీ తగ్గింది గానీ, ఉల్లాసం ధ్యానం చేసినవాళ్లకన్నా వీళ్లలో ఎక్కువ పెరిగింది. నేను ఐదు నిమిషాలు చేయను, మూడుసార్లు చేస్తాను. మాత్రలు డబ్బాలో సర్దేటప్పుడు.

రాత్రికాపలా
పాతనర్సు గారూ, మిమ్మల్నొకటి అడగాలి. అమ్మ ఊపిరిలో ఆ ఖాళీలు ఏంటి? ముందు పెద్దపెద్దగా తీస్తుంది, తర్వాత చిన్నచిన్నగా, తర్వాత ఆగుతుంది. నేను లెక్కపెడితే ఒకసారి పద్దెనిమిది వచ్చింది. మళ్లీ మొదలవుతుంది. అమ్మకు అప్పుడు నరకంగా ఉంటుందేమో అని నా ప్రాణం పోతోంది.

పాతనర్సు
చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. పెరుగుతూ, తగ్గుతూ, ఆగి మళ్లీ మొదలవడం. మెదడు ఊపిరిని నడిపించే తీరు మారినప్పుడు వస్తుంది. జబ్బు బాగా ముదిరినప్పుడు నిద్రలో కనపడుతుంది, చివరి రోజుల్లోనూ కనపడుతుంది. చూసేవాళ్లకు ఉన్నంత బాధ సాధారణంగా ఆ మనిషికి ఉండదు. బాధ ఉందో లేదో ముఖంలో వెతకండి. నుదురు ముడిపడిందా, చేతులు పక్కబట్ట పీకుతున్నాయా, మూలుగుతోందా. నుదురు నున్నగా ఉంటే అమ్మ నెమ్మదిగానే ఉంది. కొత్తగా మొదలైతే మాత్రం మీ నర్సుకు రేపే చెప్పండి. వాళ్లు వచ్చి చూడాలి.

మెలకువలో ఆయాసపడితే తల వైపు ఎత్తు పెంచండి, కిటికీ తీయండి, చిన్న ఫ్యాన్ గాలి ముక్కు, బుగ్గల మీద తగిలేలా పెట్టండి. ముఖం మీద చల్లగాలి తగిలితే ఆయాసం అనే బాధ కొంత తగ్గుతుంది. డాక్టరు తక్కువ మోతాదులో మార్ఫిన్ రాసి ఉంటే చెప్పినట్టే ఇవ్వండి, భయపడి దాచకండి. అది నొప్పికే కాదు, ఆయాసానికీ పనిచేస్తుంది.

ఒక మాట. మీరు లెక్కపెట్టినా పెట్టకపోయినా అమ్మ ఊపిరి అలాగే నడుస్తుంది. ఏడు నెలలుగా ఆ లెక్కతోనే అమ్మను నిలబెడుతున్నట్టు మీకు లోపల ఉందేమో. చాలామందికి ఉంటుంది.

రాత్రికాపలా
ఉంది.

ఈ మాట చదివి చాలాసేపు ఏడ్చాను. నేను నిద్రపోతే అమ్మ ఊపిరి ఆగిపోతుందని, అది నా వల్లే అవుతుందని నాకు గట్టి నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు ఇప్పటిదాకా.

కిటికీపక్కన
నాకూ ఉంది అది. మెషిన్ నా కన్నా బాగా కాపలా కాస్తుందని తెలిసినా ఉంది.

చిన్నకోడలు
ఇప్పుడు అసలు విషయానికి రండి. రాత్రికాపలా, తమ్ముడు ఏమన్నాడు?

పాలియేటివ్ కేర్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనంలోనే రోగితోపాటు కుటుంబం కూడా ఉంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ నొప్పిని ఒంటికి మాత్రమే చెందినదిగా చూడలేదు. మనసు, బంధాలు, బతుకు భయాలు అన్నీ కలిపి చూడాలన్నారు. అంటే నీ నిద్ర కూడా అమ్మ చికిత్సలో భాగమే. మొహమాటపడకుండా అడుగు. చూసుకునేవాళ్ల భారం కొలిచే జారిట్ ప్రశ్నావళి అని 22 ప్రశ్నలది ఉంది, ఒక్కో జవాబుకు 0 నుంచి 4. దాన్ని నింపి మీ నర్సు చేతిలో పెట్టు. నోటితో "అలసిపోయాను" అంటే వినని వాళ్లు కాగితం మీద అంకె చూస్తే వింటారు. నాకు ఇది అత్తగారు పోయాక తెలిసింది.

నిదానం
ఎవరినైనా అడిగేటప్పుడు "సాయం చెయ్యి" అనకండి. ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు అని అడగండి. మా ఇంట్లో అలా అడిగాకే పని జరిగింది.

రెండేళ్లతర్వాత
నేను అమ్మను పోగొట్టుకున్నాక కూడా రాత్రి రెండింటికి లేచేదాన్ని. అమ్మను పక్కకు తిప్పే టైము అది. మంచం ఖాళీ. నాకు పని లేదు, నిద్ర లేదు. అప్పుడు ఈ ఊపిరి అభ్యాసం నాకు దొరికింది, అంతకుముందు చేసుంటే బాగుండేదని ఎప్పుడూ అనుకుంటాను. ఖాళీ మంచం వైపు తిరిగి పడుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని, వదిలే ఊపిరి లెక్కపెట్టేదాన్ని. పది వరకు. తప్పితే మళ్లీ ఒకటి. ఎప్పుడూ పదికి చేరలేదు, నిద్ర మాత్రం మెల్లగా తిరిగొచ్చింది. చాలా నెలలు పట్టింది.

మీ మనిషి ఇంకా ఉన్నారు, తిప్పడానికి. ఈ ఒక్క మాట చెప్పాలని రాశాను.

ఒక్కడేకొడుకు
అక్కా, మీరు రాసింది చదివి ఇప్పుడే లేచి వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాను. నిద్రపోతున్నారు. కళ్లు తెరిచే కూర్చున్నాను, అరికాళ్లు నేల మీద. ఏడుపొచ్చింది, ఈసారి లేచిపోలేదు.

గాలిపటం
లేచిపోకుండా ఎంతసేపున్నారు?

ఒక్కడేకొడుకు
చూసుకోలేదు. నాన్న లేచి నీళ్లడిగారు, అప్పటిదాకా.

రాత్రికాపలా
పది రోజులైంది ఇక్కడ రాసి, అందుకే మళ్లీ వచ్చాను.

జారిట్ ప్రశ్నలు నింపాను. నా అంకె 88కి 58. నర్సు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు శుక్ర, శని రెండు రాత్రులు వస్తానన్నాడు. మొదటి శుక్రవారం రాలేదు, గొడవైంది. రెండో వారం వచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, గోడ అవతల అమ్మ ఊపిరి వెతుక్కుంటూనే ఉన్నాను. కానీ లేచి వెళ్లలేదు. అరచేతులు పొట్ట మీద పెట్టుకుని అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున మూడు గంటలు పడుకున్నానట, తమ్ముడు చెప్పాడు.

కూర్చుని చేసే అభ్యాసం ఇప్పటికీ నాకు కుదరలేదు. నేను చేస్తున్నది ఒకటే. రెండు గంటలకోసారి అమ్మను తిప్పేటప్పుడు, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుము కింద పెట్టాక, తిప్పకుండా ఆగుతాను. పూర్తిగా ఊపిరి వదులుతాను. అప్పుడు తిప్పుతాను. మొన్న అలా ఆగినప్పుడు నా చేతి కింద అమ్మ భుజం కూడా వదులైంది. ఇన్నాళ్లూ నేను బిగుసుకుని తిప్పుతుంటే అమ్మ కూడా బిగుసుకునేదన్నమాట. తిప్పాక అమ్మ కళ్లు తెరిచి "ఈసారి నొప్పెట్టలేదే" అంది.

పాతనర్సు
ఆ మాట మీ నర్సుకు తప్పకుండా చెప్పండి తల్లీ.

కిటికీపక్కన
శనివారం రాత్రి ఫోన్ కూడా తమ్ముడి దగ్గరే పెట్టి పడుకో.

రాత్రికాపలా
వాడూ అదే అన్నాడు. ఈసారి ఇస్తాను. అమ్మను తిప్పేముందు ఆగమని వాడికి కూడా చూపించాను. వాడు మరీ ఎక్కువసేపు ఆగుతున్నాడు. "ఏరా, నిద్రపోయావా" అని అడిగింది అమ్మ.